పాట ఆగిపోయిన చోటు

మా చిన్నతనంలో ఒక ఎండాకాలం... మాచర్ల పోయే బస్సు, కిటికీలోంచి నిప్పులాంటి గాలి, నా ఒళ్లో తువ్వాలు చుట్టిన రేడియో, పక్కన మా నాయన. మాది రెంటచింతల. మా వీధి మొత్తానికి ఉన్న ఒక్క రేడియో అది... కొన్నాళ్లుగా మూగబోయి ఉంది. సాయంత్రాలు మా అరుగు మీదికి ఎవరూ రావడం లేదు.

మాచర్లలో రేడియోలు బాగుచేసే మస్తాన్ సాయిబు దాని వెనక అట్ట ఊడదీశాడు. ఒక తీగ పట్టుకున్నాడు. దానికి ఒక కొసన సూది, రెండో కొసన బల్ల మీది చిన్న స్పీకరు పెట్టె. ఆ సూదితో రేడియో లోపల ఒక్కో చోటే తాకుతూ పోయాడు. అలా తాకుతుండగా, మా మూగ రేడియో కడుపులోంచి ఒక ఆడమనిషి గొంతు... పత్తి పురుగు గురించి చెబుతూ... బల్ల మీది పెట్టెలోంచి బయటికి వచ్చింది.

నేను బల్ల మీదికి వంగి ఆ పెట్టెకు చెవి ఆనించాను.

"ఏంది సాయిబూ, ఇందాకటిదాకా నోరు లేదుగా దీనికి" అన్నాడు మా నాయన.

"మాట ఇక్కడిదాకా నడిచొచ్చిందన్నా. ఇంకో అడుగు యెయ్యలేక ఆగిపోయింది. ఆ అడుగు బాగుజేస్తే సరి."

శబ్దానికి లోపల ఒక దారి ఉంటుందని, అది ఆ దారి వెంట నడుస్తూ ఎక్కడో ఆగిపోతుందని, ఆగిన చోటు వెతికి పట్టుకోవచ్చని... ఆ రోజు దాకా నాకు తెలియదు. ఏడో తరగతితో చదువు ఆపి నాపరాళ్ల పనికి పోయాను. పెళ్లయింది, జుట్టు నెరిసింది. అలాంటి సూది మాత్రం మళ్లీ నా కంటబడలేదు.

మొన్న వేసవిలో కనపడింది... మా ఇంట్లోనే, మా అమ్మాయి స్టెల్లా చేతిలో.

స్టెల్లా బడిలో టీచరు. ఆదివారాలు మా చర్చిలో గిటారు వాయిస్తుంది. ఆ గిటారు శబ్దాన్ని గరగరమనిపించి, సాగదీసి, చర్చి నిండా పరిచే పెట్టె ఒకటి సొంతంగా తయారు చేసింది. అంగట్లో కొన్నది కాదు... ఒక్కో ముక్కా తెచ్చుకుని, టంకం పెట్టుకుని చేసింది. చర్చి పండగ పాటను ఆ శబ్దంతో మొదలుపెట్టాలని దాని ఆశ. మధ్యాహ్నానికి పని ముగించి గిటారు మీటింది. పెట్టె పలకలేదు.

పాటల బృందాన్ని నడిపే జోజన్న అప్పుడే వచ్చాడు. మంచివాడే, కాని ఓపిక తక్కువ. "అయిదింటికి ప్రాక్టీసమ్మాయ్. అప్పటికి పలక్కపోతే పాట మొదలుని కీబోర్డుకిచ్చేస్తా. ఏమనుకోమాక" అని వెళ్లిపోయాడు.

పిల్ల మొహం చిన్నబోయింది. నేను పక్కనే కూర్చున్నాను, ఏం చెయ్యాలో తెలియక.

అప్పుడు స్టెల్లా గిటారు మోగించే స్పీకరు నుంచి ఒక తీగ లాగింది. దాని కొసన చిన్న కెపాసిటర్, దాని ముందు సూది. "బ్యాటరీ కరెంటుని ఇది ఆపుద్ది నాన్నా, పాటని మాత్రం పోనిస్తది" అంది. గిటారు నా చేతికిచ్చింది. "ఒకటే తీగ మీటతా ఉండు, ఆపమాక."

మీటాను. రాయి తప్ప ఏమీ పట్టని ఈ వేళ్లతో.

గిటారు తీగ పెట్టెలోకి వెళ్లే చోట సూది పెట్టింది... నా మీటు పల్చగా, పసిపిల్ల మూలుగులా వినపడింది. ఇంకొంచెం ముందుకు జరిపింది... అదే శబ్దం బలిసింది. ఇంకో చోట... గరగరమంటూ కోడెలా రంకె వేసింది. ఏమని చెప్పను, నా వేలి కింద పుట్టింది నా కళ్ల ముందే అడుగడుగునా పెరుగుతోంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మీటడం మాత్రం ఆపలేదు.

తర్వాతి చోట సూది పెట్టింది. ఏమీ లేదు.

వెనక్కి జరిపింది, పలికింది. ముందుకు జరిపింది, పలకలేదు. "దొరికింది నాన్నా. ఈ రెండిటి మధ్యలో" అంది. అక్కడి టంకం మిగతా చోట్ల లాగా మెరవడం లేదు, బూడిద రంగులో పొడిబారి ఉంది. స్టెల్లా దాని వంక చూసి, బల్ల మీది టేబుల్ ఫ్యాను వంక చూసి, వంటింటి వైపు తిరిగింది.

"అమ్మా, నేను ఆపినప్పుడల్లా ఈ ఫ్యాను ఎవరేశారు?"

"నేనే. కుంపట్లో కూర్చున్నట్టుందాయె, పిల్ల ఉడికిపోతందని యేశా" అంది మా రోజమ్మ.

"ఆ గాలికి టంకం పైపైన గడ్డకట్టింది. లోపల అతకలా."

"మరి నువ్వు సొమ్మసిల్లి పడితే ఎవరతికిస్తారే" అంది రోజమ్మ. స్టెల్లాకు నవ్వాగలేదు.

ఫ్యాను ఆపింది. మా ఊరి ఎండ మీకు తెలుసుగా... గడ్డం మీంచి చెమట కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ ఆ ఒక్క చోటే మళ్లీ కాల్చి టంకం పెట్టింది. అది చల్లారేదాకా రోజమ్మ స్విచ్చి దగ్గరే నిలబడింది, చెయ్యి వెయ్యకుండా.

"మీటు నాన్నా."

మీటాను... ఇంటి గోడలు పలికాయి.

అయిదింటికి స్టెల్లా పెట్టె తీసుకుని ప్రాక్టీసుకు పోయింది. జోజన్న మొదటి వరస విని కీబోర్డు పిల్లాడికి చేత్తో ఆగమని చెప్పాడట. పండగ రోజు పాట దాని గిటారుతోనే మొదలైంది. జనమంతా తలలెత్తి చూశారు. వాళ్లకు వినపడింది పాట. నాకు మాత్రం ఆ పాట లోపల దాటివచ్చిన చోట్లన్నీ వినపడ్డాయి... పల్చనిది, బలిసింది, రంకె వేసింది, అన్నీ. ఇంత బతుకు బతికి ఇంత సంతోషం ఎన్నడూ పడలేదు.

ఇప్పుడొచ్చే సామానంతా మూత అతికించేసి వస్తోంది... విప్పుదామంటే ఒక్క మరమేకన్నా కనపడదు. లోపల ఏం జరుగుతుందో చూసే భాగ్యం లేదు. మీ ఇళ్లలో మూత తీసి లోపలికి తొంగి చూసిన వాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల ముచ్చట నాకు రాయండి... కూర్చుని చదువుకుంటాను.