సైలెన్సర్ మార్చని జీపు

పోయిన వారం మా అల్లుడు ప్రొద్దుటూరు షోరూములో కారు చూపిస్తే, వాళ్లు దానికేదో వైరు తగిలించి, తెర మీద చూసి, బాగు చేయించడం కంటే మార్చేయడమే మేలని ఒక కాగితం చేతిలో పెట్టారట. ముప్పై ఏళ్లు జీపు తోలినవాణ్ణి కదా అని అల్లుడు నా సలహా అడిగాడు. ఏదో చెబుదామని నోరు తెరిస్తే నా పాత జీపే గుర్తుకొచ్చింది. మన వయసు వాళ్లకు ఇది మామూలే, ఏది అడిగినా నలభై ఏళ్లు వెనక్కి పోయి వస్తే గానీ జవాబు చెప్పలేం.

అప్పట్లో నాకొక చిలకపచ్చ డీజిల్ జీపు ఉండేది. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు రోజుకు రెండుసార్లు పోయి రావడం, పదిమంది పట్టే బండిలో పద్దెనిమిది మందిని కుక్కి, వెనక కమ్మీ పట్టుకుని ఇంకో ఇద్దరు వేలాడితే గానీ నాకు బండి నిండినట్టు అనిపించేది కాదు. కిలోమీటర్ల మీటరు ఒక చుట్టు పూర్తిచేసి, మళ్లీ సున్నాల నుంచి మొదలై, రెండో చుట్టు సగంలో అలిసిపోయి ఆగిపోయింది. పగిలిన సైలెన్సర్ చప్పుడుకు బండిలో ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు, ఆ రోజుల్లో అదీ ఒకందుకు మంచిదే.

ఎందుకంటే ఆ దారిలో ఊరూరికీ రెండు పార్టీలు. పార్టీ అంటే జెండాలున్న పార్టీ ఒక్కటే కాదని మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు, తాతల నాటి పగలున్న వర్గాలను కూడా మేం పార్టీలనే అంటాం. ఒక పార్టీ వాళ్లను ముందు, రెండో పార్టీ వాళ్లను వెనక కూర్చోబెట్టి, మధ్యలో ఆసుపత్రికి పోయే ఆడవాళ్లను సర్ది తోలేవాణ్ణి. ఎలక్షన్లొస్తే ఇద్దరూ జనాన్ని తోలడానికి బండి అడిగేవాళ్లు. ఒకరికి పంపితే రెండో వాళ్లకు పగవాణ్ణవుతాను. అందుకని ప్రొద్దుటూరు మెకానిక్కు మామ, సాయిబుల ఇంటి మనిషి, వరసకు కాకపోయినా పిలుపుకు మామ, నామినేషన్లు మొదలవగానే నా ఇంజన్ దించి బల్ల మీద పెట్టేవాడు. బండి కోసం వచ్చినవాళ్లు దాన్ని చూసి, అయ్యో పాపమని నన్నే ఓదార్చి పోయేవాళ్లు.

ఒక ఎండాకాలం నిజంగానే ఇంజన్ పోయింది. ముద్దనూరు దగ్గర ఎత్తు ఎక్కలేక జనం దిగి తోయాల్సి వచ్చింది. మామ విప్పి చూసి, తన పని పోతుందని కూడా చూసుకోకుండా, దీన్ని వదిలించుకుని వేరే బండి చూసుకోమన్నాడు. నాకు సెంటు భూమి లేదు, ఇంట్లో ఆరుగురం ఆ జీపు మీదే బతుకుతున్నాం. తప్పు బండి ఎంచుకుంటే ఏమవుతుందోనని నాలుగు రోజులు అన్నం సయించలేదు.

అప్పుడు మా బావమరిది పులివెందులలో ఒక జీపు ఉందని కబురు తెచ్చాడు. ఏడాది తిరగని తెల్ల జీపు, దాని యజమాని ఒక పార్టీకి పెద్దమనిషి, బెంగుళూరుకు మకాం మారుస్తూ అయినకాడికి ఇచ్చేస్తున్నాడు. ఇంజన్ విన్నాను, టైర్లు తట్టి చూశాను, కింద దూరి స్ప్రింగు పట్టీలు కూడా చూశాను. అది ఇన్నాళ్లూ ఎవరి వాకిట్లో నిలబడిందో మాత్రం ఆలోచించలేదు. మనుషుల్ని పార్టీ చూసి కూర్చోబెట్టే నాకు, బండికీ పార్టీ ఉంటుందని తట్టలేదు.

ఒకసారి తోలి చూస్తానని చెప్పి, కొత్త బండి ఎక్కాలని సరదాపడి నా వెంట వచ్చిన మా ఆవిడను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, పట్టపగలు జమ్మలమడుగు వైపు బయలుదేరాను. రోజూ చెయ్యెత్తేవాళ్లు చెయ్యెత్తకపోగా వెనక్కి జరిగారు. కొత్త బండికి చార్జీ ఎక్కువనుకున్నారేమోనని నవ్వుకున్నాను, అంత తెలివి నాది. ముద్దనూరు రాకముందు ఒక ఊరి మలుపులో రోడ్డుకు అడ్డంగా రాళ్లు, పక్కన ఆరేడుమంది. ఒకడి చేతిలో గుడ్డసంచి ఉంది. నాటుబాంబులు అలాంటి సంచుల్లోనే ఉంటాయని మా ఇద్దరికీ తెలుసు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది, నాకు బ్రేకు తొక్కడం తప్ప ఏమీ తోచలేదు.

వాళ్లలో గొర్రెలు కాసే పెద్దాయన ఒకడు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, చటుక్కున ఆ సంచివాడి మణికట్టు పట్టుకున్నాడు. అంతకు ముందు ఏడాది ఆయన కోడలు నొప్పులు పడుతుంటే జమ్మలమడుగు ఆసుపత్రికి చేర్చింది నేనే. దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పాడు.

“నీ పచ్చ జీపు యాడ పెట్టినావప్పా? దాని సప్పుడు ఇంటే నువ్వని తెలుస్తాది. ఈ బండిని సూస్తే మాకు వాడే కండ్లల్లో మెదుల్తాడు. ఆయమ్మను పిల్చుకోని ఎనక్కి పో. మళ్లా దీంట్లో ఈ పక్క రావద్దు.”

వెనక్కి తిప్పి పులివెందులలో బండి అప్పజెప్పి బస్సులో ఇల్లు చేరాం. మా ఆవిడ రెండు రోజులు పలకలేదు. మూడో రోజు, మన బండినే బాగు చేయించు, కాకపోతే ఇద్దరం కూలికి పోదాం అంది.

మామ అంతా విని బోనెట్ తెరిచాడు. కడప, తాడిపత్రి తుక్కు అంగళ్లు తిరిగి సామాన్లు ఏరుకొచ్చి, అరిగిన సిలిండర్లకు లేతు మిషను మీద బోరు కొట్టించి, ఇరవై రోజులు ఆ ఇంజన్‌తో కుస్తీ పట్టాడు. ఇంత చేశావు, ఆ సైలెన్సర్ కూడా మార్చి కొత్త రంగు వెయ్యమన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

“రంగూ మార్చొద్దు, సప్పుడూ మార్చొద్దప్పా. నువ్వొస్తాండావని ఊరోళ్లకు శానా దూరం నుంచే తెలియాల. ఇంజన్ సంగతి నేను సూసుకుంటా, నీ పానం సంగతి ఆ సప్పుడు సూసుకుంటాది.”

ఆ చప్పుడుతోనే జీపు ఇంకో తొమ్మిదేళ్లు నడిచింది, పిల్లల చదువులన్నీ దాని మీదే అయ్యాయి. మామ పోయి చాలా కాలమైంది. ఆయన షెడ్డు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి ఉంది, అటు పోయినప్పుడల్లా మనసులో ఒక దండం పెట్టుకుంటాను.

ఇప్పుడు బస్సులో ఆ దారిన పోతుంటే, ఏ బండి ఎవరిదని గానీ, లోపల ఎవరున్నారని గానీ ఎవరూ తలెత్తి చూడరు. చూడనక్కర్లేని రోజులు రావాలనే ఆనాడు ఇంటింటా ఆడవాళ్లు మొక్కుకున్నారు, అవి వచ్చాయి, సంతోషమే. అయినా ఆ ఊరి మలుపు దగ్గర నాకు కొంచెం వెలితిగా ఉంటుంది. ఆ పగటిపూట ఆ పెద్దాయన బండిని చూసి ఊరుకోక, లోపలున్న మనిషి ఎవరా అని చూశాడు. చూసి ఉండకపోతే, ఇదంతా రాయడానికి నేనూ ఉండేవాణ్ణి కాదు, రాసింది చదివి, తను పలకనిది రెండు రోజులు కాదు, నాలుగు రోజులని నన్ను దిద్దడానికి మా ఆవిడా ఉండేది కాదు.