పేరు పిలిచి సాగనంపడం

మోకాలి ఆపరేషన్ తర్వాత మా ఇంట్లో ఉన్న ఆరు వారాల్లో అక్క వాకర్‌తో నడవడం నేర్చుకుంది, వీడియో గేమ్ ఆడటమూ నేర్చుకుంది. రెండోది ఎవరూ అనుకోనిది.

అక్క నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. ఒక పెద్దాసుపత్రి ఐసీయూలో ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరైంది. తిరుమలగిరిలో ఆమె ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పద్మారావు నగర్‌లో మా అపార్ట్‌మెంటుకు ఉంది. అందుకని డిశ్చార్జి రోజే నేరుగా మా ఇంటికి తీసుకొచ్చాను. మా ఆవిడ టీచరు, పొద్దున్నే స్కూలుకు వెళ్లిపోతుంది. నేను ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటాను. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక గంట టీవీ ముందు కూర్చుని ఆడుకోవడం నలభై దాటినా నాకు పోని అలవాటు.

రెండు రోజులు అక్క మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని ఊరికే చూసింది. మూడో రోజు అడిగింది.

"ఏందిరా గిది? ఇందాకనే సచ్చిపోయిండు గద. మల్ల ఎట్ల లేసిండు?"

"గేమ్ కదక్కా. లేస్తరు."

"గట్లెట్ల లేస్తరు? ఎవరు లేపుతున్నరు?"

చాలా ఆటల్లో ఈ ప్రశ్నకు జవాబుండదు. మనిషి చస్తాడు, మళ్లీ మొదలుపెడతాం, అంతే. ఆ ఆటను తయారుచేసినవాళ్లు మాత్రం కథంతా ఆ ప్రశ్న చుట్టూనే అల్లారు. అడిగేవాళ్లు దొరికారని నాకు హుషారొచ్చింది. మొదటి నుంచీ చెప్పాను.

ఆ రాజ్యంలో చనిపోయినవాళ్లు ఒక నల్లటి నది దాటి వెళ్లిపోవాలి. రాజుగారి కూతురు చిన్న వయసులోనే పోయింది. ఆమెను వెళ్లనివ్వడం ఇష్టంలేక రాజు నది మీద అడ్డంగా గోడ కట్టించాడు. అప్పటి నుంచి ఎవరూ దాటలేరు. చనిపోయినవాళ్లు తాము ఆఖరిసారి నీళ్లు తాగిన చోటే మళ్లీ కళ్లు తెరుస్తారు. అయితే తిరిగొచ్చిన ప్రతిసారీ నది వాళ్ల జ్ఞాపకం ఒకటి ఉంచేసుకుంటుంది. ముందు ఇష్టమైన కూర, చిన్నప్పటి పాటలాంటివి పోతాయి. తర్వాత అయినవాళ్ల ముఖాలు. చివరికి సొంత పేరు. పేరు కూడా పోయినవాళ్లు నీళ్లలో నిలబడి, దగ్గరికొచ్చిన ప్రతి మనిషినీ శత్రువనుకుని నరుకుతారు. మనం పోరాడేది వాళ్లతోనే. ఎన్నిసార్లు చంపినా లేస్తారు. వాళ్లకు నిజమైన చావు రావాలంటే, ఆ పేరు ఇంకా గుర్తున్నవాళ్లెవరో ఒడ్డున నిలబడి పిలవాలి. అప్పుడు గోడలో ఆ ఒక్కరికీ తోవ తెరుచుకుంటుంది.

"తర్పణాలకు పేరు జెప్పి నీళ్లిడుస్తరు గద, గట్లనా?" అంది అక్క.

"కొంచెం గట్లనే."

"రాజుకు బుద్ధి లేదు." ఐసు సంచి సర్దుకుంటూ తనే మళ్లీ అంది, "ఉన్నా గంతే జేస్తుండెనేమో, పిల్ల గద."

ఆ వారంలోనే కంట్రోలర్ ఆమె చేతికి వెళ్లింది. తొలిరోజు ఒక మెట్ల దారి దాటడానికి ఇరవైసార్లకు పైగా చచ్చింది. ఆటలో మన మనిషి దగ్గర ఒక దినచర్య పుస్తకం ఉంటుంది. చచ్చిన ప్రతిసారీ అందులో ఒక పేజీ తెల్లగా అయిపోతుంది. నేను ఆ పేజీల్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. అక్క ప్రతి పేజీ చదివేది. "వాని తల్లి సంగతి రాసున్న పేజీ పోయిందిరా," అని ఒకరోజు నిజంగానే పరేషాన్ అయింది. ఆ తర్వాత తొందరపడటం మానేసింది. ఎవరి పేరు ఎక్కడ విన్నా, డ్యూటీలో చార్టు రాసినట్టే ఒక నోటుబుక్కులో రాసుకునేది. ఆమె చేతిలో నా మనిషి నా దగ్గరకన్నా ఎక్కువ రోజులు బతికాడు.

ఆటలో మనకు తోడుగా ఒక ముసలి కాపలావాడు వస్తాడు. గోడ తలుపుల తాళాలు ఆయన దగ్గరుంటాయి. మొదట్లో భార్య గురించి, ఆమె నేసిన కంబళ్ల గురించి కబుర్లు చెబుతుంటాడు. పోరాటాల్లో పడిపోతాడు, మనం లేపుతాం. లేపిన కొద్దీ కబుర్లు తగ్గుతాయి. నాలుగో వారానికి అక్కనే చూసి "నువ్వెవరు?" అని అడగడం మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం మళ్లీ పడిపోయాడు. తెర మీద రెండు దారులు కనిపించాయి: లేపడం, పేరు పిలవడం.

"లేపక్కా," అన్నాను. "ఆయన లేకుంటే ముందటికి పోవుడు కష్టం."

"ఇప్పటికే నన్ను గుర్తుపడ్తలేడు."

"అయితేంది? కత్తి పట్టుకుంటుండు గద. ఇంకోసారి లేపు."

అక్క నోటుబుక్కు తిప్పి, రెండో వారంలో ఎప్పుడో రాసుకున్న పేరు చూసి, పేరు పిలిచే మీట నొక్కింది. ముసలాయన లేచి నిలబడ్డాడు. గోడలో తోవ తెరుచుకుంది. వెనక్కి తిరక్కుండా వెళ్లిపోయాడు. పాట లేదు, బహుమానం లేదు. నది శబ్దం ఒక్కటే.

"గంతేనా?" అంది.

"గంతే."

కంట్రోలర్ సోఫా మీద పెట్టింది. టీవీ వైపే చూస్తూ, "నాయినను సుత గిట్లనే పంపిన," అంది.

నాన్న పోయి అప్పటికి ఎనిమిదేళ్లు. బోయిగూడలో ఒక టింబర్ డిపోలో జీవితమంతా పనిచేసిన మనిషి. గుండెనొప్పి వస్తే అక్క పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్లారు. నేను ఆఫీసు పని మీద వరంగల్‌లో ఉన్నాను. వచ్చేసరికి అంతా అయిపోయింది. గుండె ఆగిందని, డాక్టర్లు చేయగలిగిందంతా చేశారని అక్క చెప్పింది. నాకు తెలిసింది అంతవరకే.

"ఒక్కసారి గాదురా, రెండుసార్లు ఆగింది," అంది. "మొదటిసారి లేపినం. నేనే ఛాతీ మీద నొక్కిన. పక్కటెముక ఇరిగింది, నా చేతికి తెలిసింది. షాకిస్తే గుండె మల్ల షురూ అయింది. జెరసేపటికి కండ్లు తెరిసి నా దిక్కు జూసిండు. సిస్టరమ్మా, నా బిడ్డ గీ దవాఖానలనే పనిజేస్తది, జెర పిలువు అన్నడు. నేనే నాయినా అంటె ఇంటలేడు. నా బిడ్డను పిలువు, నా బిడ్డను పిలువు, గదే మాట. రెండు గంటలైనంక మల్ల ఆగింది. డాక్టరు నా మొకం జూసిండు. వద్దు సార్ అన్న."

"నాకొక్క ఫోన్ జేసి అడగకపోతివి?"

"అడిగితే ఏమంటుంటివి?"

ఆటలో ముసలాయన గురించి నేనన్న మాట ఇద్దరి చెవుల్లోనూ ఇంకా ఉంది. టీవీ కట్టేసి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను.

మూడు రోజులు అవసరమైన మాటలే నడిచాయి. టీ ఇచ్చాను, ఐసు సంచి మార్చాను, ఫిజియోథెరపీ చేసే ఆయన వచ్చినప్పుడు తలుపు తీశాను. కోపం ఉంది. నా తండ్రి విషయం నన్నడగకుండా నిర్ణయించిందన్న కోపం. అదే సమయంలో, ఆ గదిలో నేనుంటే లేపండి లేపండి అని అరిచేవాణ్ణనీ, అది నాన్న కోసం కాదనీ నాకు అర్థమవుతూ వచ్చింది. ఆ ఆట నేను రెండుసార్లు పూర్తిచేశాను. రాజు కూతురు ఏం కోరుకుందో అందులో ఎక్కడా లేదు. ఆమెను ఎవరూ అడగలేదు. ఇంతకాలం ఆ సంగతి నా దృష్టికే రాలేదు.

ఆరు వారాలయ్యాక అక్కను తిరుమలగిరిలో దింపాను. మూడంతస్తులూ మెల్లగా, ఒక్కో మెట్టు మీద ఆగుతూ ఎక్కింది. తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లి, ఆ రోజు ఏమేం జరిగిందో మొదటి నుంచీ చెప్పమన్నాను. మెంతికూర తుంచుతూ అంతా చెప్పింది. ఎవరెవరున్నారో, నాన్న ఏ చొక్కా వేసుకుని వచ్చాడో, మిషన్లు తీసేశాక ఎంతసేపు పక్కన కూర్చుందో.

అప్పుడు ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట ఒకటి నేనూ చెప్పాను. ఆ రోజు నేను వచ్చి ముట్టుకున్నప్పుడు నాన్న పాదాలు వెచ్చగా ఉన్నాయి. ఇంకో పది నిమిషాలు ముందొచ్చుంటే ప్రాణంతో దొరికేవాడని ఎనిమిదేళ్లుగా నన్ను నేను తిట్టుకుంటున్నాను.

అక్క చేతిలో కాడ పక్కనపెట్టింది. "నువ్వొచ్చేటాలకే నాయిన పోయి మూడు గంటలైందిరా. పాదాలు నీకు సల్లగ తగలొద్దని నేనే వేడినీళ్ల సంచి పెట్టి రుద్దుతుంటి," అంది.

అక్క మీద కోపం పూర్తిగా పోయిందని చెప్పను. ఆ పది నిమిషాల బాధ మాత్రం ఆ రోజుతో పోయింది.