తోక చూసినావాప్పా?

మా చెన్నకేశవులు గారి ముందు ఆకాశంలో తిరిగే గద్దని చూపించి "అదిగో ఈగల్" అన్నవాళ్ళు ఆ పూట భోజనం మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆయన వాళ్ళని రెక్క పట్టుకుని ఎండలో నిలబెట్టి, "తోక చూసినావాప్పా?" అని మొదలుపెడతారు. తోక చివర చీలి ఉంటే గద్ద. విసనకర్రలా గుండ్రంగా విచ్చుకుంటే ఈగల్. ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఆయనకి నలభై నిమిషాలు పడుతుంది.

గచ్చిబౌలిలో మా ఐటీ కంపెనీకి ఆయన వసతుల మేనేజరు. లిఫ్టులు, ఏసీలు, క్యాంటీన్, గేటు దగ్గర సెక్యూరిటీ అన్నీ ఆయన చూసుకుంటారు. ఆరేళ్ళుగా ఆయన పక్క సీటు నాది. అంటే ఆరేళ్ళుగా నేను ఆయనతోనూ, ఆయన టేబుల్ మీది ఫోటోతోనూ కలిసి పనిచేస్తున్నాను. ఫోటోలో ఉన్నది ఫిలిప్పీన్స్ వాళ్ళ జాతీయ పక్షి, ఫిలిప్పీన్ ఈగల్. ఆయన పెళ్ళి ఫోటో కూడా ఉంది, కానీ అది సొరుగులో ఉంటుంది.

పదిహేడేళ్ళ కిందట కంపెనీ ఆయన్ని మనీలాలో కొత్త ఆఫీసు సిద్ధం చేయమని మూడు నెలలు పంపింది. ఒక ఆదివారం ఆయన దావావ్ అనే ఊరు వెళ్ళి అక్కడి సంరక్షణ కేంద్రంలో ఈ పక్షిని చూశారట. ఆయన మాత్రం అదే తనని చూసిందని నాతో అంటారు.

"నీలం కండ్లు లావణ్యమ్మా! తలమింద ఈకలు కిరీటం మాదిరి లేచినాయి. పెండ్లిచూపుల్లో మా మామ గూడా నన్ను అంత పరీక్షగా చూడలేదు."

ఆ రోజు నుంచి మనీలా ఆఫీసుతో ఏ కాల్ మొదలైనా మొదటి ప్రశ్న "ఈగల్ క్షేమమా?" అనే. అవతలివాళ్ళు పాపం నగరంలో అపార్ట్‌మెంట్లలో ఉంటారు, దాన్ని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా "క్షేమం సర్" అని చెప్పి పనిలోకి దిగడం నేర్చుకున్నారు. 

ఒకసారి మా టీములో కుర్రాడు యశ్వంత్ ఊరుకోలేక గెలికాడు. "సర్, మనకి నెమలి ఉంది కదా. పరాయి దేశం జాతీయ పక్షి మీద మీకెందుకు ఇంత ప్రేమ?"

"నెమలి మన ఇంటి బిడ్డప్పా, దాన్నెవరు కాదన్నారు? పక్కింట్లో బంగారం లాంటి బిడ్డ ఉంటే మెచ్చుకోకూడదా? మెచ్చుకునేదానికి గూడా వీసా కావల్నా?"

"అది కాదు సర్..."

"ఇంకేమి? ప్రపంచంలో ఆ ఒక్క దేశంలోనే ఉండాది. కొన్ని వందల జతలే మిగిల్నాయి. రెండేండ్లకు ఒకే ఒక్క గుడ్డు! ఆ ఒక్క పిల్లని ఆలుమొగుడూ వంతులేసుకొని కాచుకుంటారు. అంత పెద్ద రెక్కలు దేనికనుకున్నావ్? వేటకనుకున్నావా? పిల్లకు నీడ పట్టేదానికప్పా! ఒక దేశం తన గుర్తుగా పెట్టుకోవాలంటే అట్లాంటిదాన్నే పెట్టుకోవాల."

యశ్వంత్ ఆ రోజు క్యాంటీన్‌కి వెళ్ళేసరికి గిన్నెలు కడుగుతున్నారు.

మా కొత్త వైస్ ప్రెసిడెంట్ భార్గవి గారు చేరిన రోజున ఇంకా పెద్ద ఘోరం జరిగింది. కారు దిగి, పైకి చూసి, ఏదో మర్యాదకి "అబ్బ, మీ క్యాంపస్‌లో ఈగల్స్ కూడా ఉన్నాయే!" అన్నారావిడ. స్వాగతం చెప్పడానికి బొకేలతో వరసగా నిలబడ్డ మేమంతా కళ్ళు మూసుకున్నాం. నలభై నిమిషాల తర్వాత తెరిచాం. బొకేలు వాడిపోయాయి. ఆవిడ మాత్రం అంతా విని, "థాంక్యూ అండీ" అని లోపలికి వెళ్ళారు. ఆవిడ ముఖం చూసి ఏ సంగతీ కనిపెట్టలేమని ఆ రోజే అర్థమైంది.

ఇక కొమురయ్య సంగతి. జనగామ వైపు మనిషి, తొమ్మిదేళ్ళుగా మా మెయిన్ గేటు దగ్గర గార్డు. సెక్యూరిటీ ఏజెన్సీ రూలు ప్రకారం డ్యూటీలో ఉన్న గార్డు కూర్చోకూడదు. పన్నెండు గంటలూ నిలబడాలి. కొమురయ్య మోకాళ్ళు అరిగిపోయాయి. పూలకుండీ అంచు మీద కూర్చుని రెండుసార్లు సూపర్‌వైజర్‌కి దొరికాడు. మూడోసారి దొరికితే తీసేస్తారు. ఇంట్లో కూతురు స్వప్న నర్సింగ్ రెండో ఏడాది చదువుతోంది. ఈ వయసులో ఇంకో గేటు అతనికి దొరకదు.

సరిగ్గా అప్పుడే మా చెన్నకేశవులు గారికి పిచ్చి ముదిరింది. క్యాంపస్‌కి పక్షి పరిశీలన కేంద్రం కావాలని మూడు పేజీల అర్జీ రాశారు. చుట్టుపక్కల రాతి గుట్టల మీద నిజంగానే ఒక రకం ఈగల్ ఉంటుందని, ఏదో ఒకనాడు అది మా డాబా మీదుగా వెళ్ళకపోదని దాని సారాంశం. మొదటి పేజీ నిండా ఫిలిప్పీన్ ఈగల్ బొమ్మే ఉండటం వల్ల పైవాళ్ళు రెండో పేజీ తిప్పకుండా సంతకం పెట్టేశారు. తొమ్మిదో అంతస్తు పైన, నీళ్ళ ట్యాంకు నీడలో, ఒక బైనాక్యులర్, ఒక రిజిస్టర్, ఒక కుర్చీ వెలిశాయి. పరిశీలకుడిగా కొమురయ్యని వేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమండీ, మోకాళ్ళ నొప్పులని ఆయన ఏడుస్తుంటే మీ పక్షి కోసం డాబా ఎక్కిస్తారా?"

"తొమ్మిదో ఫ్లోర్ దాకా లిఫ్టుండాది కదమ్మా. పైన పదకొండు మెట్లే."

"పక్షిని చూడటానికి మనిషెందుకండీ? కెమెరా పెట్టొచ్చుగా?"

"కెమెరాకు తోక తెలుస్తాదా?" అని ఆయన నన్నే ఎదురు ప్రశ్న వేశారు. 

కొమురయ్య నిజాయితీపరుడు. సార్ నేర్పినట్టు ప్రతి పక్షి తోకా చూసి, చూసిన వెంటనే రిజిస్టర్‌లో రాసేవాడు. ఆరు నెలలపాటు ఒకటే రాత. "గద్దలు నాలుగు. ఈగల్ రాలే." "గద్దలు ఆరు. పావురాలు బొచ్చెడు. ఈగల్ రాలే."

ఆరు నెలల తర్వాత భార్గవి గారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టుకుని, క్యాంపస్‌లోని పోస్టుల జాబితా ఒక్కొక్కటే పరిశీలిస్తూ డాబా పోస్టు దగ్గర ఆగారు.

"ఈ పోస్టు ఏమిటండీ? ఇన్నాళ్ళలో ఒక్క ఈగల్ అయినా వచ్చిందా?"

"రాకుండా ఎట్ల పోతాది మేడమ్" అన్నారు చెన్నకేశవులు గారు, ఎదురుచూస్తున్న బస్సు గురించి చెప్పినంత ధీమాగా.

"సరే, పదండి. ఇప్పుడే చూద్దాం. లేకపోతే రేపటి నుంచి ఆయన్ని మళ్ళీ గేటుకి పంపించేయండి."

ముగ్గురం పైకి వెళ్ళాం. మేడమ్‌ని చూసి కొమురయ్య పిట్టగోడ పట్టుకుని లేచాడు. రెండు విడతలుగా లేచాడు, మధ్యలో ఒకసారి ఆగి. అంతలో ట్యాంకు వెనక నుంచి ఒక పక్షి వచ్చి మా నెత్తిమీద తాపీగా చక్కర్లు కొట్టడం మొదలుపెట్టింది. తోక చీలి ఉంది. ఆరేళ్ళ శిక్షణ ఉన్న నాకే కాదు, ఎవరికైనా కనపడేంతగా చీలి ఉంది.

"ఇదేనా?" అన్నారావిడ.

"ఏంది మేడమ్, గిది గద్..." అంటూ కొమురయ్య నోరు తెరిచాడు.

"ఈగలే మేడమ్" అన్నారు చెన్నకేశవులు గారు.

నా చెవుల్ని నేను నమ్మలేదు. మంత్రిగారు గద్దని ఈగల్ అన్నా వదిలిపెట్టని మనిషి! ఆయన పైకి చూడటం లేదు. చెప్పులకేసి చూస్తున్నారు. కొమురయ్య ఒక్క క్షణం తెల్లబోయి, అలవాటు ప్రకారం రిజిస్టర్ తీసి ఏదో రాశాడు. భార్గవి గారు పక్షిని చూశారు, చెన్నకేశవులు గారిని చూశారు, కొమురయ్య మోకాళ్ళని చూశారు. ఆ రిజిస్టర్ అందుకుని తన పెన్నుతో ఏదో గీకి, మూసి, తిరిగిచ్చారు.

"మీరు కూర్చోండి" అని కొమురయ్యతో మాత్రం చెప్పి దిగి వెళ్ళిపోయారు.

కిందికి వచ్చాక చెన్నకేశవులు గారు చేసిన మొదటి పని ఈగల్ ఫోటోని గోడవైపు తిప్పేయడం.

"ఇదేమిటండీ?"

"దాని మొగం చూడలేకపోతాండానమ్మా. పదిహేడేండ్లలో ఎప్పుడన్నా గద్దను పట్టుకొని ఈగల్ అన్నానా?"

"మరి ఈరోజెందుకన్నారు?"

"ఏం చేసేది? గార్డు ఊరికే కూర్చోకూడదంటారు. కూర్చొని చేసే పని ఒకటి చూపియ్యాల కదా. నాకు తెలిసిన పని అదొక్కటే."

ఆరు నెలలుగా ఈ మనిషిని తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది. ఆ మూడు పేజీల అర్జీ ఫైల్లోంచి తీసి చదివాను. మూడో పేజీ అంతా కుర్చీ గురించే. వీపు ఆనే కుర్చీ కావాలని, కాళ్ళు చాపుకోవడానికి స్టూలు కూడా ఉంటే పరిశీలన నాణ్యత పెరుగుతుందని రాశారు.

రెండు రోజులు ఫోటో గోడనే చూసింది. మనీలా కాల్‌లో ఆయన ఈగల్ క్షేమం అడగకపోయేసరికి, దానికేమైనా అయిందేమోనని వాళ్ళు కంగారుపడ్డారు. మూడో రోజు పొద్దున భార్గవి గారి మెయిల్ వచ్చింది. ఏజెన్సీతో మాట్లాడాననీ, సోమవారం నుంచి క్యాంపస్‌లో ప్రతి గార్డుకీ ఒక కుర్చీ వేయాలనీ, డాబా పోస్టు అలాగే కొనసాగుతుందనీ. కారణం అన్నచోట "పక్షుల పరిశీలన" అని ఉంది.

ఆ మెయిల్ మేము రెండోసారి చదువుతుండగా కొమురయ్య రిజిస్టర్ పట్టుకుని దిగాడు. "సార్, మొన్న మేడమ్ ఏందో రాసిండ్రు, జర చూడుండ్రి."

పేజీ తిప్పాం. కొమురయ్య గుండ్రటి రాతలో ఆ రోజు లెక్క ఇలా ఉంది: "పక్షి ఒకటి. సార్ ఈగల్ అన్నడు. తోక చీలి ఉన్నది."

దాని కింద పచ్చ ఇంకుతో ఇంకో వరస. "తోక నేనూ చూశాను. భార్గవి."

చెన్నకేశవులు గారు ఆ వరసని మూడుసార్లు చదువుకున్నారు. తర్వాత చెయ్యి చాపి ఫోటోని ఇటు తిప్పి, జేబురుమాలుతో అద్దం తుడిచి, నాకేసి గర్వంగా చూశారు.

"చూసినావా లావణ్యమ్మా! ఒక్క క్లాసే చెప్పింది ఆమెకు. ఎంత బాగా పట్టుకునిందో!"

సోమవారం కుర్చీలు దిగుతుంటే యశ్వంత్ ఆకాశంలోకి చూసి, "సర్, ఈగల్!" అన్నాడు, కొంటెగా. ఆ రోజు కూడా వాడికి భోజనం లేదు.