ఆఖరి ఎపిసోడ్ ఒప్పుకోని అత్తగారు

మా అత్తగారు పోయారు. పోయిన నెల, వానలు పట్టిన వారంలో, తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆ కబురు బంధువులందరికీ ఫోన్లో చెప్పే పని నా మీద పడింది. చెప్పిన ప్రతిచోటా ఒకటే మాట. "మహాతల్లి. గడప దాటి ఎరగరు. సుఖంగా వెళ్ళిపోయారు." నాలుగో ఫోనుకో ఐదో ఫోనుకో నాకు ఒళ్ళు మండింది. పొగిడేవాళ్ళని ఏమనగలం? రిసీవరు పెట్టేశాను.

ఆవిడ వింటే ఏమనేవారో నాకు తెలుసు. "సీరియల్ ఆఖర్లో చెప్పే మాటలమ్మా అవి. ఎవరికైనా సరిపోతాయి" అనేవారు.

అందుకని ఆవిడకి మాత్రమే సరిపోయే నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. ఇందులో సీరియళ్ళ గోల కాస్త ఎక్కువే ఉంటుంది, పాఠకులు ఓర్చుకోవాలి. అది లేకుండా మా అత్తగారి గురించి చెప్పడం నా వల్ల కాదు.

మాది భీమవరానికి దగ్గర్లో ఒక ఊరు. పొలాలన్నీ చేపల చెరువులైపోయిన ఊరు. పెద్ద ఇల్లు. ముందు భాగం మగవాళ్ళది, వచ్చేపోయే వ్యాపారులది. వెనక భాగం మాది. మధ్యలో ఒక తలుపు. ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళ కంటపడకూడదనే ఘోషా మా బంధువుల ఇళ్ళలో చాలావాటిలో సడలిపోయింది గాని మామయ్యగారి ఇంట్లో చెక్కు చెదరలేదు. నేను బి.ఎడ్. చదివి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన కొత్తలో మా ఇంటి ముందున్న వీధి ఎలా ఉంటుందో నాకు తెలియదు. సైకిలు బెల్లులు, పాలవాడి కేక, బడి వదిలాక పిల్లల అరుపులు మాత్రం వినిపించేవి. వాటిని బట్టి వీధిని ఊహించుకునేదాన్ని. పెరట్లో నిలబడి తలెత్తితే గోడలు వదిలిపెట్టినంత మేర ఆకాశం కనిపించేది.

ఆడవాళ్ళు బయటికి వెళ్ళాలంటే తెల్ల అంబాసిడర్ ఉండేది. కిటికీలన్నిటికీ ముదురాకుపచ్చ పరదాలు. కారు పక్క గుమ్మానికి ఆనించేవారు. డ్రైవరు దిగి గోడవైపు తిరిగి నిలబడేవాడు. వాకిట్లో మగవాళ్ళు లోపలికి తప్పుకునేవారు. గుడికో, పెళ్ళికో, పురుడు వచ్చిన ఇంటికో వెళ్ళి అలాగే తిరిగి రావడం. ఇందులో ఇంకో మర్యాద కూడా ఉంది. ఆడవాళ్ళ కారు ఎటు వెళ్ళింది, ఎందుకు వెళ్ళింది అని మగవాళ్ళు అడగరు. అడగడం చిన్నతనం. కారు పెట్టించమని చెప్పే అధికారం ఇంటి పెద్దావిడది.

మా వైపు ఇళ్ళలో పసిపిల్లల్ని కూడా 'మీరు' అనే పిలుస్తారు. అత్తగారు నన్నూ అలాగే పిలిచేవారు. ఆటపట్టించాలనిపిస్తే "ఏమండీ అమ్మాయిగారూ" అనేవారు. పన్నెండు గంటలకి వంట ముగించి, చేతులు తుడుచుకుంటూ, "ఏమండీ అమ్మాయిగారూ, మన చుట్టాలొచ్చే వేళైంది" అంటే టీవీ పెట్టమని అర్థం. వెనకింటి పిన్నిగారు పెరటి దారిన వచ్చి చేరేవారు. ముగ్గురం చాప మీద కూర్చునేవాళ్ళం.

ఆ సీరియల్ ఐదారేళ్ళు నడిచింది. అందులో ఒక కోడలు, ఒక మామ. కోడలికి పాట వచ్చు, కచేరీలు చేయాలని ఉంటుంది. మామ మంచివాడే. అరవడు, కొట్టడు. ఒద్దు అంటాడు, అంతే. ఇంటి గుమ్మంలో వాలుకుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆ కుర్చీ దాటి ఆ పిల్ల ఎలా వెళ్తుందన్నదే కథ.

మా అత్తగారు సీరియల్ చూసే పద్ధతి వేరు. పిన్నిగారు ఏడ్చేవారు, శపించేవారు. అత్తగారు వంకాయలు ఏరినంత శ్రద్ధగా మనుషుల్ని చూసేవారు. "ఈయన కోపమొస్తే కళ్ళజోడు తీస్తాడు. ఇవాళ తీయలేదు. అంటే కోపం లేదు, భయపడుతున్నాడు" అనేవారు. మధ్యలో కరెంటు పోయేది, ఎండాకాలమైతే రోజూ పోయేది. అప్పుడు మిగతా కథ ఆవిడే చెప్పేవారు. మర్నాడు పిన్నిగారు కాకినాడలో ఉన్న వాళ్ళ అమ్మాయికి ఫోన్ చేసి కనుక్కుంటే, సరిగ్గా అలాగే జరిగి ఉండేది.

"మీకెలా తెలుస్తుందండీ అత్తయ్యగారూ?" అని అడిగానొకసారి.

"తెలియడానికేముందమ్మా. రాసేవాళ్ళు ఏం రాస్తారా అని ఆలోచిస్తే తప్పుతాం. ఆ మనిషి ఏం చేస్తాడా అని ఆలోచిస్తే తప్పం."

సీరియళ్ళ ముగింపుల మీద ఆవిడకి ఖచ్చితమైన అభిప్రాయాలుండేవి. అందరికీ గబగబా పెళ్ళిళ్ళు చేసేసి కథ ముగిస్తే, "పెరుగు వడ్డించకుండా బంతి లేపేశారు" అని విసుక్కునేవారు. విలన్ని లారీతో గుద్దించి చంపేస్తే, "లారీవాడు చేశాడు పని. వీళ్ళేం చేశారు?" అనేవారు. ఆవిడ మాటల్లో నాకు బాగా గుర్తుండిపోయింది ఒకటుంది. "ఆఖర్లో ఎవరూ కొత్త మనిషి కాకూడదమ్మా. నవ్వించినా సరే, ఏడిపించినా సరే. అవును, ఈ మనిషైతే ఇదే చేస్తాడు అనిపించాలి. అప్పుడే కడుపు నిండుతుంది."

అదే రోజుల్లో నా కథ ఒకటి లోపల నడుస్తోంది. నాతో చదువుకున్న స్నేహితురాలు భీమవరంలో ఒక బడికి హెడ్మిస్ట్రెస్ అయింది. లెక్కల టీచరు కావాలి, పొద్దుటి క్లాసులు చాలు, రమ్మంది. మావారిని అడిగితే "నాన్నగారు సరేనంటే నాకేం అభ్యంతరం?" అన్నారు. మామయ్యగారు వినగానే కాదనలేదు. "ఆలోచిద్దాంలెండమ్మా" అని పేపరు తిరగేశారు. వేసవి అంతా ఆలోచించారు. భోజనం వడ్డిస్తూ రోజూ ఆయన మొహం చూసేదాన్ని. ఇవాళ మెత్తబడ్డారేమో, కూర బాగుందన్నారు కదా, రేపు తప్పకుండా అంటారేమో. బడి తెరిచే సోమవారం లోపల రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని స్నేహితురాలు చెప్పేసింది.

సీరియల్ ఆఖరి ఎపిసోడ్ ఆ సోమవారానికి ముందు శుక్రవారం వచ్చింది.

పిన్నిగారు ఆత్రేయపురం పూతరేకులు పళ్ళెంలో పెట్టుకుని మరీ వచ్చారు. అత్తగారు ముందే చెప్పేశారు. "ఆ పిల్ల తంబూరా తీసుకుని బయల్దేరుతుంది. ఆయన కుర్చీలోంచి లేవడు, మొహం తిప్పుకుంటాడు. ఆ పిల్ల కుర్చీ పక్కనుంచి వెళ్ళిపోతుంది. అంతే." కరెంటు ఆ రోజు పోలేదు. పోయినా బాగుండేది.

టీవీలో అలా జరగలేదు. కోడలు తలుపు దగ్గర ఏడుస్తూ నిలబడింది. మామ లేచాడు. కళ్ళజోడు తీశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. "తల్లీ, నేనే తప్పు చేశాను" అని తానే తంబూరా తెచ్చి చేతిలో పెట్టాడు. ఇంటిల్లిపాదీ చప్పట్లు. పిన్నిగారు కొంగుతో కళ్ళొత్తుకుంటూ పూతరేకులు పంచారు. నేనూ ఏడ్చాను. ఏడుస్తూ, మధ్య తలుపు వైపు చూశాను. అటు పక్క మామయ్యగారు ఎవరితోనో చేపల మేత ధరలు మాట్లాడుతున్నారు.

అత్తగారు పేర్లు పడకముందే టీవీ కట్టేశారు.

"అదేంటండీ వదినగారూ, ఎంత చక్కగా ముగిస్తే!" అన్నారు పిన్నిగారు.

"ఏం చక్కదనమండీ. ఇన్నేళ్ళు ఆయన్ని చూశాం. ఆయన ఏడ్చే మనిషా? ఆ పిల్ల మాత్రం, ఆయన ఏడ్చేదాకా నిలబడే పిల్లా? ఇద్దరినీ ఒకేరోజు పాడుచేశారు."

పిన్నిగారు చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయారు. అత్తగారు పూతరేకు కాగితం విప్పి, తినకుండా మళ్ళీ చుట్టి, నా వైపు చూడకుండా అన్నారు. "మీరూ దానికే ఎదురుచూస్తున్నారు కదా."

"దేనికండీ?"

"మామయ్యగారి కళ్ళలో నీళ్ళకి."

నేను పూతరేకుల పళ్ళెం తీయబోయాను.

"ఆ నీళ్ళు రావమ్మా. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. చెడ్డవారు కారు. మీరంటే అభిమానం కూడా. కానీ రావు. ఆయన ఆలోచిద్దామంటే అక్కడికి అయిపోయినట్టే."

"మీరొక్కమాట అడిగితే..."

"నేను ఎదురుచెప్పే మనిషిని కానుగా" అన్నారు. సంజాయిషీలా అనలేదు. ఉప్పెంత వేయాలో చెప్పినట్టు చెప్పారు. ఆ సాయంత్రం నేను పెరట్లో బట్టలు తీస్తూ, ఇంక ఈ గోడలే నాకు దిక్కు అనుకున్నాను. గోడలు నిజంగానే దగ్గరికి జరిగినట్టనిపించింది.

చీకటి పడే ముందు ఆవిడ వచ్చి ఒకటే అడిగారు. "బడి ఎన్నింటికమ్మా?"

సోమవారం పొద్దున్న కారు పెట్టించమని డ్రైవరుకి కబురు చేశారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. డ్రైవరు గోడవైపు తిరిగాడు. వాకిట్లో మగవాళ్ళు తప్పుకున్నారు, మామయ్యగారు కూడా. ఆడవాళ్ళ కారు ఎటు వెళ్తుందో అడగడం మర్యాద కాదు కదా. కోడలు ఒంటరిగా కారెక్కడం, కోడల్ని బయట వదిలేసి కారు తిరిగి రావడం కూడా మర్యాద కాదు. అందుకని ఆవిడ నా పక్కన ఎక్కారు.

బడి ఆవరణలో వేపచెట్టు కింద కారు ఆగింది. నేను దిగాను. "మీరూ రండి, స్టాఫ్ రూములో ఫ్యానుంది" అన్నాను.

"మీరు వెళ్ళండమ్మా. నాకిక్కడ బానే ఉంది."

ఒంటిగంట దాకా ఆవిడ ఆ పరదాల మధ్యే కూర్చున్నారు. మర్నాడూ అంతే. ఆ ఏడాదీ, ఆ తరవాతా అంతే. భీమవరం ఉక్క ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. బోర్డు మీద లెక్క వేసి వెనక్కి తిరిగితే కిటికీలోంచి ఆ తెల్ల కారు కనిపించేది. నన్ను గదిలోంచి బయటికి తేవడానికి ఆవిడ అంతకంటే చిన్న గదిలోకి వెళ్ళి కూర్చున్నారు.

ఆవిడ మాత్రం హాయిగానే ఉన్నట్టు మాట్లాడేవారు. మల్లెలు కట్టుకునేవారు. ఎక్కాలు వినేవారు. ఇంటర్వెల్లో పిల్లలు కారు చుట్టూ చేరితే పరదా సందులోంచి చెయ్యి బయటికి వచ్చి బెల్లం జీళ్ళు పంచేది. పిల్లలకి ఆవిడ 'కారు మామ్మగారు'. మొహం ఎవరూ చూడలేదు. పన్నెండింటికి మొదలైన కొత్త సీరియల్ ఆవిడకి దక్కకుండా పోయింది. సాయంత్రాలు పిన్నిగారు వచ్చి చెప్పేవారు. "మీ పిన్నిగారు కథలో తన ఏడుపు కూడా కలిపి చెబుతారమ్మా. ఎంత తీసెయ్యాలో తెలియక చస్తున్నాను" అనేవారు.

మామయ్యగారు సరేనని ఎప్పుడూ అనలేదు. కాదనీ అనలేదు. ఒక్కసారి కారు దారిలో ఆగిపోయి మేం ఆలస్యంగా ఇంటికొచ్చాం. ఆ సాయంత్రం తలుపు అవతల డ్రైవరుని కోప్పడుతుంటే విన్నాం. "బండి ముందే చూసుకోవద్దా? ఆడవాళ్ళకి వేళకి వెళ్ళే పనులుంటాయి." అత్తగారు నా వైపు తిరిగి, "ఇదీ ఆయన" అన్నారు. మొహమంతా నవ్వు. ఏ సీరియల్ చూసీ అంత తృప్తిగా నవ్వగా నేను చూడలేదు.

తరవాత మామయ్యగారు పోయారు. ఏడాది గడిచాక మావారే కారు పరదాలు తీయించేద్దామన్నారు. నేను సాయంత్రం దాకా పనిచేయడం మొదలుపెట్టాను, బస్సులో వెళ్ళడమూ అలవాటు చేసుకున్నాను. "పరదాలు ఉండనివ్వండి" అన్నారు అత్తగారు. అప్పుడప్పుడూ మాత్రం, "బడి వైపు వస్తానమ్మా" అని నాతో కారులో బయల్దేరేవారు.

పోయిన సంవత్సరం బడి వార్షికోత్సవానికి హెడ్మిస్ట్రెస్ స్వయంగా పిలిచింది. ముందు వరసలో ఆవిడ కోసం కుర్చీ వేయించింది. జీళ్ళు తిని పెద్దవాళ్ళైన పిల్లలు కూడా చాలామంది వచ్చారు. పొద్దున్న వాన పడి నేల తడిగా ఉంది. నేను కారు తలుపు బార్లా తీశాను.

"దిగండి అత్తయ్యగారూ. ఇప్పుడు వద్దనేవాళ్ళెవరున్నారు?"

ఆవిడ నేలకేసి చూశారు. కారుకీ బడి మెట్లకీ మధ్య ఎంతో దూరం లేదు. పిల్లలందరూ చూస్తున్నారు. నేను మనసులో దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆవిడ చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఒక కాలు కింద పెట్టారు. ఒట్టి కాలే. బయటికి వేసుకునే చెప్పులు ఆవిడకి ఎప్పుడూ లేవు. కాలి కింద బురద మెత్తగా తగిలినట్టుంది, వేళ్ళు ముడుచుకున్నారు. అలా ఎంతసేపు ఉన్నారో. తరవాత కాలు లోపలికి తీసేసుకున్నారు.

"తలుపు వేసెయ్యండమ్మా" అన్నారు. గొంతులో కోపం లేదు, సిగ్గు లేదు. "పిల్లలు ఎదురుచూస్తున్నారు. మీరు వెళ్ళండి."

ఆవిడ చెప్పిన లెక్కన అదే సరైన ముగింపు. కొత్త మనిషి కాలేదు. నాకు మాత్రం ఆ ముగింపు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. ఆవిడ దిగి ఉండాల్సింది. అందరూ చప్పట్లు కొట్టి ఉండాల్సింది. ఎంత అబద్ధంగా ఉన్నా సరే, ఆ ఒక్కరోజుకి నాకు అది కావాలి.

తలుపు నేనే వేశాను. కారు వెళ్ళిపోయింది. వేపచెట్టు కింద తడి నేల మీద పాదం గుర్తు ఒకటి, వేళ్ళు బడి వైపు ఉన్నాయి. దాని పక్కన రెండోది లేదు.