ద్రాక్షావల్లిలో పాము

పద్మారావు నగర్‌లో ఫ్లెక్సీలు వేసే దుకాణంలో ప్రిసిల్లా పగలంతా ఎవరెవరి పుట్టినరోజులకో ముఖాలు అతికిస్తుంది. మీసం నల్లగా చెయ్యమంటారు, పొట్ట తగ్గించమంటారు. చేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చాక మాత్రం తన కంప్యూటర్లో తన బొమ్మ. చిన్న ఆకారం ఒకటి తీసుకుంటుంది. దాన్ని మెలితిప్పే మార్పు ఒక పొర, దానిపైన వంచేది ఇంకో పొర, ఆపైన లోతులోకి తిప్పేది మరొకటి. సాఫ్ట్‌వేర్ ఆ ఆకారాన్నే చిన్నది చేస్తూ, ఇంకా చిన్నది చేస్తూ బొమ్మంతా నింపుతుంది. అందులో ఏ కొమ్మా చేత్తో గీసింది కాదు.

అలా ఒకసారి ద్రాక్షావల్లి వచ్చింది. తీగలు లోలోపలికి పాకుతున్నట్టు, వెనక నుంచి వెలుగు పడుతున్నట్టు. మా చర్చి వార్షికోత్సవానికి ప్రసంగం చెప్పే పుల్పిట్ వెనక కట్టే పెద్ద ఫ్లెక్సీకి పాస్టరమ్మ దాన్నే అడిగింది. ప్రిసిల్లా అంత సంతోషపడటం క్వైర్‌లో ఆమె పక్కన నిలబడి పాడే నేను ఎన్నడూ చూడలేదు. "అక్కా, నా పేరు ఎయ్యకున్నా మంచిదే. అందరూ సూస్తరు గదా," అంది.

చూశారు, కమిటీ వాట్సాప్ గ్రూపులో. మా సంఘపెద్ద డేవిడ్ రాజు గారికి పాటల పుస్తకంలో అక్షరాలు ఆనవు గాని, ఫోన్లో బొమ్మను వేళ్లతో సాగదీస్తే అన్నీ కనబడతాయి. ఆదివారం ఆరాధన అయ్యాక ప్రిసిల్లాను ఆపారు.

"అమ్మా, అంతా మంచిగనే ఉంది గని, గీ మూలకు పామున్నది. జెర అదొక్కటి తీసెయ్యి."

"అది తీగ మెలిక, అంకుల్."

"తల సుత కనబడ్తుంది కదమ్మా. పుల్పిట్ ఎనక సైతాను లెక్క పామేందీ?"

అదొక్కటే తీయడం కుదరదని ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు. నాకూ ఎక్కలేదనుకోండి, అందుకే ఇంట్లో నా ముందే చేసి చూపించింది. మెలిక పొర తగ్గిస్తే పాముతోపాటు తీగలన్నీ కరెంటు స్తంభాల్లా నిలబడ్డాయి. పొరల వరుస మారిస్తే ద్రాక్షావల్లే మాయమై పొగలాంటిదేదో మిగిలింది. చివరికి ఆ మూలను ఆకుపచ్చ రంగుతో కప్పేసింది. కప్పినదాని పక్కనే అదే మెలిక, చిన్నగా. దాని పక్కన ఇంకా చిన్నగా. డేవిడ్ రాజు గారు మళ్లీ సాగదీశారు. "పిల్లలు సుత ఉన్నయమ్మా," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఆయన మాట కాదనే వాళ్లు మా చర్చిలో లేరు, పాస్టరమ్మతో సహా. పుల్పిట్ వెనకకి ఇంటర్నెట్‌లో దొరికిన సూర్యోదయం ఎక్కింది. దాన్ని కొలతకు సరిచేసి ప్రింటుకు పంపింది కూడా ప్రిసిల్లాయే.

వార్షికోత్సవం అయ్యాక ఓదార్చుదామని వాళ్లింటికి వెళ్లాను. "ఆయన మాటలు పట్టించుకోకు. ఆ వల్లి ప్రింటు తీసి నాకియ్యి, మా హాల్లో పెట్టుకుంటా," అన్నాను. బొమ్మ తెరిచింది. ఇద్దరం చూశాం. నేను ఏదో అనబోయేలోపే ఆమె నా ముఖం చూసింది.

"నీకు సుత పామే కనబడ్తుంది గదా అక్కా," అంది. "ఎంత సూసినా నాకు తీగ కనబడ్తలేదు."