సూదమ్మ కొలవని కాలు

ఆసుపత్రిలో అందరూ ఆమెను సూదమ్మ అనే పిలిచేవారు. పదకొండేళ్లు రక్తపరీక్షల గదిలో కూర్చుని సూది గుచ్చిన చెయ్యి ఆమెది. చంటిపిల్లలు ఏడుపు లంకించుకునేలోపే పని కానిచ్చేసేది. అలాంటి మనిషి ముప్పై ఆరేళ్ల వయసులో ఉద్యోగం మానేసి ఫిజీషియన్ అసిస్టెంట్ చదువులో చేరతానంటే, ఆ చదువేమిటో ఇంట్లో ఎవరికీ ఓ పట్టాన అర్థం కాలేదు.

"అంటే డాక్టరువి అవుతావా?" అంది అత్తగారు.

"కాదత్తయ్యా. రోగిని నేను చూస్తాను. ఏం జబ్బో, ఏ మందివ్వాలో రాస్తాను. డాక్టరుగారు అది చూసి సంతకం పెడతారు."

"పనంతా నీది, సంతకం వాళ్లదీనా? మీ మావయ్య కూడా నాతో ముప్పై ఏళ్లు ఇలాగే కాపురం చేశారులే."

ఆ రోజు నుంచి ఆవిడ ఇరుగుపొరుగుతో "మా కోడలు సగం డాక్టరు" అని చెప్పుకోవడం మొదలుపెట్టింది. భర్త లిఫ్టు మెకానిక్కు. అతను కూతురికి జడ వేయడం నేర్చుకున్నాడంతే. మొదటి నెలంతా ఆ పిల్ల వంకర పాపిడితోనే బడికి వెళ్లింది.

రెండో ఏడాది ఒక్కో విభాగంలో ఆరేసి వారాలు పనిచేయాలి. సూదమ్మ అన్నీ దాటింది గానీ, జనరల్ ఓపీలో తప్పింది. అక్కడి పెద్ద డాక్టరమ్మ ఎర్ర ఇంకుతో రెండే మాటలు రాసింది: "అతి నిదానం." నిజమే. ఎక్కడ ఏం వదిలేస్తానో అన్న భయంతో ఒక్కొక్కరికీ నలభై నిమిషాలు పట్టేది. బయట వరస మెట్ల దాకా పాకేది. ఆ విభాగం ఇంకొక్కసారి చేయవచ్చు. రెండోసారీ తప్పితే చదువు మానుకోవాల్సిందే.

అందుకని రెండోసారి ఆమె పరుగు అందుకుంది. పది నిమిషాలకొక రోగి. గోడ గడియారాన్ని చూడకుండా ఒక్క ప్రశ్న కూడా అడిగేది కాదు. ఐదు వారాలు అలాగే గడిచాయి. డాక్టరమ్మ మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు. 

ఆరో వారం ఆఖరి రోజు పొద్దున వచ్చిన మూడో మనిషి ఒక బస్సు డ్రైవరు. భారీ మనిషి, నోరు తెరిస్తే నవ్వే.

"పిక్క పట్టేసిందమ్మా. నిన్న టైరుని ఓ తాపు తన్నాను, అదే అయ్యుంటుంది. మొన్న దూరం బస్సు తోలి వచ్చాను. పద్నాలుగు గంటలు! కూర్చుని కూర్చుని నన్ను సీటుకే కుట్టేశారేమో అనుకున్నాను."

సూదమ్మ కూడా నవ్వింది. ప్యాంటు పైకి మడిపించి పిక్క నొక్కి చూసింది. కండరం బెణికిందని రాసి, పూతమందు ట్యూబు ఇచ్చి, రోజుకు మూడుసార్లు బాగా మర్దన చేయమంది. వరస పొడుగ్గా ఉండటంతో డాక్టరమ్మ కాగితం చదివి అక్కడికక్కడే సంతకం పెట్టేసింది. మొత్తం ఎనిమిది నిమిషాలు.

మధ్యాహ్నం దాటాక ఒక దర్జీ వచ్చింది. రెండు కాళ్లూ వాచాయంది. సూదమ్మ కోటు జేబులోంచి కొలత టేపు తీసి ఎడమ పిక్క చుట్టూ తిప్పబోయి ఆగిపోయింది. టేపు చుట్ట చుట్టినట్టే ఉంది, వేసిన రబ్బరు బ్యాండు వేసినట్టే ఉంది. పొద్దుట్నుంచీ దాన్ని బయటికే తీయలేదు.

పద్నాలుగు గంటలు. ఒకే కాలు.

గంటల తరబడి కదలకుండా కూర్చున్నవాళ్లకు ఒక కాలి లోపలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టి, ఆ కాలు ఒక్కటే వాయవచ్చని మొదటి ఏడాదిలోనే చెప్పారు. అలాంటి కాలిని పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మనిషి ఉన్నపళంగా కూలిపోవచ్చు. తను ఏమని పంపింది? బాగా మర్దన చేయమని.

దర్జీని కాసేపు కూర్చోమని వరండాలోకి వచ్చి భర్తకు ఫోను చేసింది. ఎత్తలేదు. ఏ లిఫ్టు గూట్లో వేలాడుతున్నాడో. డ్రైవరు చీటీ మీదున్న నంబరుకు చేసింది. స్విచ్ ఆఫ్. బెణుకే అయ్యుంటుందిలే, టైరుని తన్నానని తనే చెప్పాడుగా అని సర్దిచెప్పుకోబోయింది. మనసు ఒప్పుకోలేదు. సాయంత్రం మార్కుల కాగితం నింపబోయేది డాక్టరమ్మే. ఆ తలుపు తట్టాలంటే చెయ్యి రాలేదు. తలుపు ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, మూడోసారి తట్టకుండానే తోసేసింది.

"మేడమ్, పొద్దున నేను ఒకతన్ని సరిగ్గా చూడకుండా పంపేశాను."

డాక్టరమ్మ తలెత్తింది. సూదమ్మ ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పింది.

"రెండో కాలు చూశావా?"

"లేదు మేడమ్."

"దూరం బస్సు సంగతి కాగితం మీద రాశావా?"

"లేదు."

ఆవిడ ఎర్ర పెన్ను మూత పెట్టింది. తిట్లు మొదలవుతాయనుకుంది సూదమ్మ. డాక్టరమ్మ ఫోను అందుకుని డిపోకు కలిపింది.

అవతల డిపో కంట్రోలరు కరకుగా మాట్లాడాడు. ఆ డ్రైవరు ఊళ్లో బస్సు మీద ఉన్నాడని, గంటలో డిపోకు వస్తాడని అన్నాడు.

"గంట వద్దు. ఇప్పుడే ఆపించండి."

"మధ్యలో ఆపితే బస్సులో జనాన్ని మీరు మోస్తారా?"

"మోస్తాను. ముందు ఆపించండి."

కంట్రోలరు గొణుక్కుంటూ కండక్టరు ఫోనుకు కబురు పెట్టాడు. బస్సు మార్కెట్టు స్టాపులో ఆగుతుందన్నాడు. సూదమ్మ దర్జీని డాక్టరమ్మకు అప్పగించి ఆసుపత్రి వ్యానెక్కింది. ప్రతి సిగ్నలూ ఎరుపే. దారిలో భర్త ఫోను చేశాడు. "ఇందాక చేశావు, ఏమైంది?" అంటే, ఇంటికొచ్చాక చెప్తానంది. "ఏమైనా తిన్నావా?" అన్నాడు. ఆ మాటకు ఏడుపొచ్చినంత పనైంది.

మార్కెట్టు దగ్గర బస్సు ఆగి ఉంది. జనం దిగి కండక్టరు మీద గోల చేస్తున్నారు. డ్రైవరు బస్సు మెట్టు మీద కూర్చుని, ప్యాంటు మోకాలి దాకా మడిచి, ట్యూబులోంచి మందు పిండుకుంటున్నాడు. ఆమెను చూసి మొహం విప్పారింది.

"రండమ్మా! ఎలాగూ బస్సు ఆపారు కదాని, మీరు చెప్పినట్టే మర్దన..."

"ముట్టుకోకండి!"

ఆ అరుపుకు గోల చేస్తున్న జనమంతా ఇటు తిరిగారు. చేతిలో మందుతో అతను బిక్కమొహం వేశాడు. సూదమ్మ రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చుని, టేపు విప్పి రెండు పిక్కలూ కొలిచింది. నొప్పి ఉన్న కాలు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ. మరోసారి కొలిచింది. నాలుగే.

"ఏంటమ్మా, అంత పెద్ద జబ్బా?" అన్నాడతను, మొదటిసారి నవ్వకుండా.

"ఇంకా తెలీదు. ఊపిరి బాగానే ఆడుతోందా? గుండెలో నొప్పేమైనా ఉందా?"

"ఇందాకటిదాకా ఏమీ లేదు. మీ మొహం చూశాకే కొంచెం దడగా ఉంది."

స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. దారంతా అతని ఛాతీ లేచి దిగడమే చూస్తూ కూర్చుంది. స్కానింగులో గడ్డ కనిపించింది. కదల్లేదు. వెంటనే రక్తం పలచబడే ఇంజక్షన్లు మొదలుపెట్టారు. మొదటి ఇంజక్షన్ సూదమ్మే ఇచ్చింది.

డాక్టరమ్మ ఆ సాయంత్రం మార్కుల కాగితం నింపలేదు. పొరపాట్లు రాసే రిజిస్టరు తెప్పించి, అందులో ముందు తన పేరు రాసింది, కాలు చూడకుండా సంతకం పెట్టినందుకు. దాని కింద సూదమ్మ పేరు రాసింది. "రేపు రా" అంది.

రేపు అంటే నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ సూదమ్మకు మెతుకు గొంతు దిగలేదు. అత్తగారు కారణం అడగలేదు గానీ, పక్కింట్లో సగం డాక్టరు ఊసెత్తడం మానేసింది. ఐదో రోజు పిలుపొచ్చింది. పాసవడానికి సరిగ్గా ఎన్ని మార్కులు కావాలో అన్నే వేసింది డాక్టరమ్మ, ఒక్కటి కూడా ఎక్కువ లేదు.

"చెప్పకుండా ఊరుకుని ఉంటే తప్పించేదాన్ని" అంది తల ఎత్తకుండా.

"మీకెలా తెలిసేది మేడమ్?"

"తెలిసేది కాదు. అదే నా భయం. వెళ్లు, వరస పెరుగుతోంది."

డ్రైవరు వారం తర్వాత నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. దూరం బస్సులు తోలడం మానేశాడు.

సూదమ్మ చదువు పూర్తిచేసి మూడేళ్లయింది. ఒక చిన్న క్లినిక్కులో పనిచేస్తోంది. మరీ నిదానమూ కాదు, మరీ పరుగూ కాదు. భయం మాత్రం పోలేదు. పని దిగేముందు ఆ రోజు ఇంటికి పంపినవాళ్ల జాబితా తీసి, అనుమానం ఉన్నవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోను చేస్తుంది. చాలామంది సంతోషిస్తారు. మొన్న ఒక పెద్దాయన మాత్రం విసుక్కున్నాడు.

"బతికే ఉన్నానమ్మా. గంటలో ఇది మూడోసారి. ఇక పెట్టేస్తావా?"

"పెట్టేస్తానండీ. దగ్గు తగ్గిందా?"