కరుగుదల కలిపిన లెక్క

ఐసు ఫ్యాక్టరీ పెద్దమేస్త్రి చదివింది పల్లె బడిలో ఐదో తరగతి వరకే. కానీ కూడికల్లో ఆయన్ని తప్పుపట్టినవాళ్లు ఇంతవరకూ లేరు. ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో గంట మోగాక గేటులోకి అడుగుపెట్టిన రోజు ఒక్కటీ లేదు. ఆయన దగ్గరుండి గట్టిపరిచిన ఐసు దిమ్మె వెనక వార్తాపత్రిక పెడితే, ఇవతల నిలబడి చిన్నక్షరాలు కూడా చదువుకోవచ్చు. వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, లోపల ఎక్కడ పగులుందో చెప్పేవారు. గ్యాసు గొట్టం లీకయిన రోజున తడిగుడ్డ ముక్కుకు చుట్టుకుని లోపలికి వెళ్లి, వాల్వు బిగించి, పదకొండు మందిని బతికించారు. ఇరవై రెండు మందికి పని నేర్పారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు మేస్త్రీలు. గొప్పకు చెప్పడం కాదు, ఇదంతా ఫ్యాక్టరీ రిజిస్టరులో ఉన్నదే.

రిజిస్టరుకు ఎక్కని సంగతి ఒకటుంది. రోజూ సాయంత్రం ఆయన కొయ్యబారిన వేళ్లతో ఇంటికి వచ్చేసరికి, బట్టలు కుట్టే ఆయన ఇల్లాలు మిషను ఆపి, గుమ్మం దగ్గర బేసినులో గోరువెచ్చని నీళ్లు సిద్ధంగా ఉంచేది. వేళ్లలోకి రక్తం తిరిగి వచ్చేదాకా పక్కనే పీట వేసుకుని కూర్చునేది. కుట్టాల్సిన బట్టలు ఎన్ని పేరుకుపోయినా సరే, ఆ కాసేపు మిషను తిరిగేది కాదు. ముప్పై ఎనిమిదేళ్లూ అంతే. గ్యాసు భయం వల్ల కుటుంబాలను ఫ్యాక్టరీ గేటు లోపలికి రానిచ్చేవారు కాదు. అందువల్ల మొగుడు చేసే మంచు ఎలా ఉంటుందో ఆమె చూసిందే లేదు. ఆమెకు తెలిసిన మంచల్లా ఆయన కోటు అంచుల నుంచి కారే నీళ్లే.

ఆయన రిటైరయిన ఏడాది, పోస్టాఫీసులో పనిచేసే కూతురు ఫోనులో ఒక ఫొటో చూపించింది. ఎక్కడో ఉత్తరాన, గోడలూ మంచాలూ దీపస్తంభాలూ అన్నీ మంచుతోనే కట్టిన హోటలట. చలికాలంలో కడతారు, ఎండ ముదిరితే నదిలో కలిసిపోతుంది. మేస్త్రిగారు కళ్లజోడు పెట్టుకుని ఫొటోను పెద్దది చేసి చూశారు.

"మధ్యలో తెల్లచార లేదు. పని తెలిసినవాళ్లే కట్టారు," అన్నారు ముందు. ఫోను తిరిగి ఇస్తూ, "దీన్ని మీ అమ్మ చూడాలమ్మా," అన్నారు.

రిటైరయినప్పుడు వచ్చిన సొమ్ములో రెండు లక్షలు ఆయన విడిగా ఉంచారు. కూతురు ధరలన్నీ కనుక్కుని వచ్చింది. ఇద్దరికీ టిక్కెట్లు ఎనభై వేలు. మంచు గదిలో ఒక రాత్రి, మనిషికి పాతిక వేల చొప్పున యాభై. మర్నాడు ఒళ్లు కాచుకోవడానికి మామూలు గది పన్నెండు. చలిబట్టల అద్దె ఎనిమిది, తిండీ బస్సూ పది. శుక్రవారం మధ్యాహ్నం లోపు డబ్బు కట్టకపోతే ఆ ఏటికి గదులు ఉండవని కూడా చెప్పింది.

మేస్త్రిగారు పాత ఫ్యాక్టరీ పుస్తకం ఒకటి తీసి, గీతలు కొట్టి, గళ్లు వేశారు. ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. నాలుగు దిమ్మెలు కావాలంటే బండికి ఐదు ఎక్కించేవారు. ఐదోది దారి తినేస్తుంది. దాన్ని 'కరుగుదల' అనే గడిలో రాసేవారు. ఆ గడి వేయకుండా మేస్త్రిగారు జన్మలో లెక్క రాసి ఎరగరు. ఇప్పుడూ వేశారు. టిక్కెట్లకు పావు వంతు, గదికి పావు వంతు, అద్దె బూట్లకు కూడా పావు వంతు కరుగుదల కలిపారు. లక్షా అరవై వేలు కాస్తా రెండు లక్షలయింది. ప్రయాణం మరీ దూరం కదా అని మొత్తం మీద మళ్లీ ఇంకో పావు కలిపారు. రెండున్నర లక్షలు. మూడుసార్లు కూడినా అంతే వచ్చింది.

యాభై వేలు తక్కువ. అప్పు చేయడం ఆయన ఒంటికి పడదు. మానేద్దామంటే, గుమ్మం దగ్గరి బేసిను కళ్ల ముందు మెదిలింది. రెండు రోజులు ఆలోచించి, తన చలిబట్టలు కొట్టేశారు, తన తిండి కొట్టేశారు, చివరికి మంచు గదిలో తన పడక కూడా కొట్టేశారు. ఆవిడ లోపల పడుకుంటుంది. తాను వెచ్చగా ఉండే ముందుగదిలో, ఏ కుర్చీలోనో తెల్లవార్లూ కూర్చుంటారు. ఇప్పుడు లెక్క రెండు లక్షలకు సరిగ్గా సరిపోయింది. అన్నీ కుదిరాయని ఇంట్లో చెప్పారు. ఎలా కుదిరాయో చెప్పలేదు.

గురువారం మధ్యాహ్నం ఆవిడ ఆయన పాత కోటుకు లోపల మందపాటి గుడ్డ వేసి కుడుతోంది. ఆయన కొలతలు ఆ పుస్తకం చివరి పేజీలోనే రాసుకుంది. వాటి కోసం తిరగేస్తుంటే లెక్క కనిపించింది.

"ఏమండీ, ఇలా రండి. పడక ఒకటే ఉందేంటి?"

ఆయన కిటికీ చట్రాన్ని వేలితో తడుతూ నిలబడ్డారు. పగులేమీ లేదు. చివరికి జరిగింది చెప్పారు. చలి తనకు కొత్త కాదనీ, చూడాల్సింది ఆవిడేననీ అన్నారు. ఆవిడ వేలు పెట్టి ఒక్కో గడీ చదువుకుంటూ వచ్చి, ఒకచోట ఆగింది.

"ఈ కరుగుదల ఏంటి?"

"దారిలో పోయేది."

"టిక్కెట్టెలా కరుగుతుందండీ?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ గడి మీదికి వంగి చూశారు.

"నేను గుడ్డ కత్తిరిస్తే కుట్టులోకి రెండు వేళ్లు వదులుతాను. అలాగని గుండీలకు కూడా వదులుతానా? పైగా కరుగుదలకు మళ్లీ కరుగుదలా!" ఆవిడకు నవ్వు ఆగలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నదంతా నవ్వే కాదు. "నన్ను అక్కడ పడుకోబెట్టి మీరు కుర్చీలో కూర్చుంటారా? అలా అయితే నేను గుమ్మం దాటను."

ఆయన పెన్సిలు తీసుకుని ఆ గడులన్నీ కొట్టేసి, తన పేరున తీసేసినవన్నీ తిరిగి రాసి, మళ్లీ కూడారు. లక్షా అరవై వేలు. చేతిలో ఇంకా నలభై మిగులు. కూడికలో తప్పు లేదని రెండుసార్లు అన్నారు. లేదని ఆవిడా ఒప్పుకుంది. శుక్రవారం పది గంటలకల్లా కూతురు డబ్బు కట్టేసింది. ఇంటికి వచ్చి, "నాన్నా, నా టిఫిన్ డబ్బాకు కూడా కరుగుదల వేస్తావా?" అని అడిగింది. ఆ మాట ఆ ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది.

ఇద్దరూ వెళ్లారు. మంచు గదిలోకి అడుగుపెట్టగానే మేస్త్రిగారు గోడను వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి విని, తల ఊపారు. ఆవిడ గ్లౌజు తీసి అరచేయి గోడకు ఆనించింది. గోడ లోపలి నుంచి దీపం నీలంగా వెలుగుతోంది. చాలాసేపు అలాగే నిలబడింది.

"ఇలాంటివేనా మీరు చేసింది?"

"మావి ఇంకాస్త తేటగా ఉండేవి."

"రోజూ ఈ చలిలోనే ఉండేవారా?"

ఆయన ఔనన్నారు. ఆవిడ ఆయన కోటు పై గుండీ పెట్టింది.

తెల్లారేసరికి ఆవిడ వేళ్లు కొయ్యబారి ముడుచుకోవడం లేదు. మేస్త్రిగారు ముందుగదికి వెళ్లి, కౌంటరులోని అమ్మాయికి చేతులతో సైగ చేసి, అర్థమయ్యేదాకా వదలకుండా, ఒక బేసిను గోరువెచ్చని నీళ్లు అడిగి తెచ్చారు. ఆవిడను ముందుగదిలోని పొయ్యి పక్కన బల్ల మీద కూర్చోబెట్టి, చేతులు నీళ్లలో పెట్టి, తాను నేల మీద చతికిలబడ్డారు. వేళ్లు ఎర్రబడేదాకా లేవలేదు.

తిరుగు బస్సులో పుస్తకం తీసి, మామూలుగానే గీత కొట్టి, వేడినీళ్లు ఒక బేసిను అని రాశారు. ఎదురుగా ధర గడిలో ఏం రాయాలో తోచలేదు. హోటలువాళ్లు డబ్బు తీసుకోలేదు. ఇంట్లో ముప్పై ఎనిమిదేళ్లు ఇచ్చిన మనిషీ తీసుకోలేదు. గడి ఖాళీగా ఉంచి, పుస్తకం మూసి, నిద్రపోతున్న ఆవిడ చేతులను తన కోటు జేబులో పెట్టుకున్నారు.